పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ ఇళ్లలోకి రావాలంటే ఏం చేయాలి?

మీరు రాసింది నాకు ఇలా అర్థమైంది. మార్కాపురం వైపు 280 ఇళ్ల ఊరు. పంచాయతీ ఆఫీసు గోడకి భారత్‌నెట్ (పంచాయతీలకి ఫైబర్ తెచ్చే కేంద్ర పథకం) పెట్టె బిగించి ఏళ్లయింది, ఇప్పుడది పనిచేయడం లేదు. సెల్ సిగ్నల్ డాబా ఎక్కితే అందుతుంది, రాత్రి ఏడు దాటితే వీడియో తిరుగుతూనే ఉంటుంది. గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకి చదివే పిల్లలు మార్కాపురంలో గది అద్దెకి తీసుకుంటున్నారు. "డేటా ఇంత చవగ్గా దొరుకుతుంటే మళ్లీ ఫైబర్ ఎందుకు?" అని సర్పంచ్ గారు అడుగుతున్నారు. ఊరంతటికీ తక్కువ ధరలో మంచి నెట్ రావాలంటే ఎంతవుతుంది, ఎవరిని పట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

నేను కేబుల్ టీవీ రోజుల నుంచి లైన్ల పనిలోనే ఉన్నాను. మొదట గోదావరి జిల్లాల్లో, తర్వాత ప్రకాశం, నెల్లూరు వైపు చిన్న ఆపరేటర్లకి ఫైబర్ నెట్‌వర్కులు వేసి ఇస్తున్నాను. నేను చెప్పేది ఇది: లైను వేయడానికి అయ్యే ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి, లైను నడవడానికి అయ్యే ఖర్చు ఊరు నెలనెలా కట్టగలగాలి. మొదటిది లేకపోతే లైను రాదు. రెండోది లేకపోతే వచ్చిన లైను రెండేళ్లలో చచ్చిపోతుంది. ధర తగ్గించి ప్రకటించడం తేలిక. ఆ ధరకి లైను బతికుండేలా చూడటమే అసలు పని, మన దగ్గర ఎప్పుడూ అక్కడే దెబ్బతింటున్నాం.

ముందు సర్పంచ్ గారి మాట. అందులో నిజం ఉంది. 2014లో ఒక జీబీ డేటా 269 రూపాయల దాకా ఉండేది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక రేటు కుప్పకూలి ఇప్పుడు జీబీ సుమారు పది రూపాయలకి వచ్చింది. కానీ ఇంట్లో ఎవరూ జీబీల్లో లెక్క వేసుకోరు, రీఛార్జిల్లో వేసుకుంటారు. 2024 జూలైలో రేట్లు పెంచినప్పుడు జియోలో రోజుకి 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్ 239 నుంచి 299 రూపాయలయింది. ఇంట్లో మూడు ఫోన్లుంటే 28 రోజులకి 897. కూలి పని చేసుకునే ఇల్లు అంత పెట్టలేదు కాబట్టి ఒక్క ఫోనుకే డేటా వేయిస్తారు. ఆ ఫోను పొద్దున్నే ఇంటాయన జేబులో బయటికి వెళ్లిపోతుంది. ఇంట్లో మిగిలిన వాళ్లకి నెట్ ఉన్నా లేనట్టే.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లని 'ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా' అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో వాడామన్న మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతం. తెలంగాణలో మగవాళ్లు 57.4, ఆడవాళ్లు 26.5. హైదరాబాద్ ఉన్న రాష్ట్రంలో కూడా అంత తేడా! సర్వే తర్వాత పరిస్థితి మెరుగుపడే ఉంటుంది. అయినా డ్వాక్రా గ్రూపు లెక్కలు, ఈ-కేవైసీలు, పిల్లల స్కూలు వాట్సాప్ గ్రూపులు, అన్నీ ఫోనులోకి మారిన కాలంలో ఇంటి ఆడవాళ్లకి ఫోను చేతికందేది ఇంటాయన తిరిగొచ్చాకే అంటే మనం చాలా మందిని బయటే నిలబెడుతున్నామన్నమాట. నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే.

ఇక సాంకేతికంగా చూస్తే, టవర్ ఇచ్చే వేగం దాని పరిధిలో ఉన్న అందరూ పంచుకోవాల్సిందే. మధ్యాహ్నం మూడింటికి బాగా వచ్చే నెట్ రాత్రి ఎనిమిదింటికి పాకడం మొదలుపెట్టేది అందుకే. పైగా ఊళ్ల వైపు చాలా టవర్లకి ఇప్పటికీ ఫైబర్ లేదు, మైక్రోవేవ్ డిష్‌తో ఇంకో టవర్ నుంచి తెచ్చుకుంటాయి. పైన గొట్టం సన్నగా ఉంటే కింద 5జీ బోర్డు పెట్టినా పెద్దగా లాభం ఉండదు. కాబట్టి మొబైలా, ఫైబరా అన్న ప్రశ్నే సరైంది కాదు. ఊరికి గట్టి ఫైబర్ వస్తే టవర్ కూడా బాగుపడుతుంది.

కాగితాల మీద మీ ఊరికి బ్రాడ్‌బ్యాండ్ ఉన్నట్టే రాసి ఉంటుంది, అది కూడా గమనించండి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగం 2023 దాకా 512 కేబీపీఎస్, ఆ ఏడాది దాన్ని 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. ఒక ఇంట్లో ఒకరు ఆన్‌లైన్ క్లాసు చూస్తూ ఇంకొకరు వీడియో కాల్ మాట్లాడితే 2 ఎంబీపీఎస్ ఎక్కడికీ సరిపోదు. సమావేశంలో అధికారులు 'మీ ఊరు కవర్ అయింది' అంటే ఏ వేగంతో, రాత్రి ఎనిమిదింటికి ఎంత వస్తోంది అని అడగండి.

ఇప్పుడు గోడకున్న పెట్టె సంగతి. 2011 అక్టోబర్‌లో కేంద్రం జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అని ఆమోదించిన పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకి ఫైబర్, ఒక్కోదానికి 100 ఎంబీపీఎస్ అన్నది లక్ష్యం. మొదటి దశలో లక్ష పంచాయతీలు 2017 డిసెంబర్‌కి పూర్తయ్యాయన్నారు. లెక్కలో పూర్తయినవి పూర్తయినట్టే ఉన్నాయి, పెట్టెలు మాత్రం చాలా చోట్ల ఆగిపోయాయి. కారణాలు రహస్యమేమీ కాదు. మండల కేంద్రం నుంచి కేబుల్ ఒక ఊరి తర్వాత ఇంకో ఊరికి వరసగా సాగుతుంది. రోడ్డు వెడల్పు చేస్తున్న జేసీబీ మధ్యలో ఎక్కడ తెంపినా ఆ తర్వాతి ఊళ్లన్నీ ఒకేసారి పడిపోతాయి. పంచాయతీ ఆఫీసు సాయంత్రం అయిదింటికి తాళం పడుతుంది, కరెంటు పోతే బ్యాటరీ ఉండదు, బ్యాటరీ ఉన్నా దాన్ని మార్చే మనిషి ఉండడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పెట్టె ఆగిపోతే నష్టపోయే వాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. నెలకి డబ్బు కట్టే వంద ఇళ్లు దాని మీద ఆధారపడి ఉంటే మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరు ఫోన్ చేసి నిలదీస్తారు. ట్యాంకు దాకా నీళ్లు తెచ్చి వీధి కొళాయిలు వేయకుండా వదిలేసినట్టు చేశారు మన దగ్గర.

2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్‌కి కేంద్రం సుమారు 1.39 లక్షల కోట్లు కేటాయించింది. ఇందులో మూడు మంచి మార్పులున్నాయి. వరసకి బదులు రింగ్ పద్ధతిలో కేబుల్ వేస్తారు, అంటే ఒక వైపు తెగితే రెండో వైపు నుంచి లైను నడుస్తుంది. నిర్వహణ కూడా కాంట్రాక్టులోనే భాగం, పని బీఎస్ఎన్ఎల్ చూస్తుంది. పంచాయతీ కేంద్రం కాని ఊళ్లకి కూడా అడిగితే ఇవ్వాలని పెట్టారు. అడిగితే అన్న మాట గుర్తుపెట్టుకోండి, గ్రామసభ తీర్మానానికి విలువ ఉండేది అక్కడే.

మీరు వెంటనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. పెట్టెకి కరెంటు ఇచ్చి లైట్లు చూడండి. ఇంగ్లీషులో PON (పాన్) అని రాసి ఉన్న లైటు నిలకడగా పచ్చగా వెలిగితే మండలం నుంచి లైను బతికే ఉంది, సమస్య పైన సెట్టింగుల్లోనో బిల్లింగులోనో ఉంది. LOS (ఎల్ఓఎస్) అన్న ఎర్ర లైటు మిణుకుతుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదు, ఎక్కడో తెగింది లేదా జాయింట్ పాడైంది. ఏ లైటూ రాకపోతే అడాప్టరో పెట్టో పోయింది. దగ్గర్లోని కేబుల్ ఆపరేటర్ దగ్గర ఫైబర్‌లో వెలుతురు బలం కొలిచే పవర్ మీటర్ ఉంటుంది, రెండు నిమిషాల పని. రీడింగ్ మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉంటే పెట్టె పనిచేయాలి. కాగితం మీద మైనస్ 27 అయినా నేను మైనస్ 25 దాటితే ఒప్పుకోను, జాయింట్లలోకి కాస్త నీళ్లు దిగగానే లింక్ ఊగుతుంది. ఈ రీడింగ్, తేదీ వేసి ఫిర్యాదు రాస్తే అవతలి వాళ్లు 'చూస్తాం' అని దాటేయడం కష్టం.

ధర విషయానికి వచ్చేముందు మన రాష్ట్రంలో జరిగిన పెద్ద ప్రయోగం గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ఊళ్లో చాలామంది '149 రూపాయలకే ఇచ్చారుగా' అంటారు. ఏపీ ఫైబర్‌నెట్ 2015లో ఏర్పడింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే దాదాపు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. 2016 డిసెంబర్‌లో కోనసీమలోని మోరి గ్రామంలో మొదలుపెట్టి, 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా రాష్ట్రమంతటికీ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ నెట్, 250 దాకా టీవీ ఛానళ్లు, ఫోను. ఆ ఆలోచన గొప్పదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. స్తంభాల మీద వేయడం వల్ల తవ్వకం ఖర్చు, అనుమతుల ఆలస్యం తప్పాయి. ఇంటింటికీ తెలిసిన కేబుల్ ఆపరేటర్లనే చివరి లైనుకి వాడుకోవడం ఇంకా తెలివైన పని. లక్షల ఇళ్లు చేరాయి.

తర్వాత ఆ కనెక్షన్లు సగం దాకా పడిపోయాయి. రాజకీయాలు, టెండర్ల వివాదాలు అందరికీ తెలిసినవే, వాటిలోకి వెళ్లను. ఫీల్డులో నేను చూసింది మాత్రం చెప్తాను. ఇంట్లో పెట్టే బాక్సుకి వేల రూపాయలవుతుంది, పాతవి పాడైనప్పుడు కొత్తవి సమయానికి రాలేదు. ఆపరేటర్‌కి మిగిలే వాటా చిన్నది. తుఫానుకి లైను పోతే అతను సొంత డబ్బుతో మనిషిని పంపి బాగుచేయాలి. కొన్నాళ్లు చేశాడు. తర్వాత తన కస్టమర్లనే తీసుకెళ్లి ప్రైవేటు కంపెనీ లైనుకి మార్చేశాడు. అతన్ని తప్పుపట్టలేం, అతనికీ ఇల్లుంది. ధరలో నిర్వహణకి చోటు లేకపోతే ఎంత మంచి ఉద్దేశంతో మొదలుపెట్టినా ఇలాగే అవుతుంది.

తెలంగాణ ఇంకో దారి పట్టింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. తవ్వకం ఒక్కసారి, పనులు రెండు. ఫైబర్ ఖర్చులో గాజు పోగుకి అయ్యేది తక్కువ, తవ్వి పూడ్చడానికే ఎక్కువ, అందుకని అది మంచి నిర్ణయం. కానీ కేబుల్ భూమిలో పడ్డాక ఇళ్లకి సేవ చేరడానికి ఏళ్లు పట్టింది. 2024 డిసెంబర్‌లో గానీ టీ-ఫైబర్ కొన్ని ఊళ్లలో ప్రయోగాత్మకంగా మొదలవలేదు. వెన్నెముక లాంటి ప్రధాన లైను వేయడం ఒక ఎత్తు, చివరి కిలోమీటరు ఇంకో ఎత్తు. కేరళ కూడా చూడండి. అక్కడి ప్రభుత్వ ఫైబర్ నెట్‌వర్క్ కేఫాన్ 2023 జూన్‌లో మొదలైంది, 20 లక్షల పేద కుటుంబాలకి ఉచితంగా ఇవ్వాలన్నది ఆశయం, మొదటి విడతలో పెట్టుకున్నది నియోజకవర్గానికి వంద చొప్పున 14 వేల కుటుంబాలు. ఆశయం గొప్పది, కానీ ఉచితం అన్నచోట ప్రతి కనెక్షన్ వెనకా ఎవరో ఒకరు బిల్లు కట్టాలి కాబట్టి అడుగులు చిన్నవే పడతాయి.

సరే, మీ ఊరి లెక్క వేద్దాం. ఇవి నేను అంచనాగా వేసే అంకెలు, మీ దగ్గర కొటేషన్లు తీసుకుంటే అటూఇటూ అవుతాయి. 280 ఇళ్లలో 120 ఇళ్లు తీసుకుంటాయనుకుందాం. ఊరి వీధుల్లో స్తంభాల మీద అయిదు కిలోమీటర్ల కేబుల్, కూలితో కలిపి రెండు లక్షలు. పంచాయతీ దగ్గర పెట్టే ఓఎల్‌టీ మెషీను (పైనుంచి వచ్చిన నెట్‌ని ఇళ్ల ఫైబర్‌లోకి పంపేది), స్ప్లిటర్లు (ఒక పోగుని చాలా ఇళ్లకి పంచేవి), బాక్సులు, ఇన్వర్టర్, బ్యాటరీలు కలిపి లక్షా పది వేలు. ఒక్కో ఇంటికి వైఫై మోడెం, స్తంభం నుంచి ఇంటికి వచ్చే డ్రాప్ వైరు, బిగింపు కలిపి 2,200 చొప్పున 120 ఇళ్లకి 2 లక్షల 64 వేలు. మొత్తం 5 లక్షల 74 వేలు.

ఇప్పుడు నెల ఆదాయం. ఇంటికి 350 రూపాయలు, జీఎస్టీ 18 శాతంతో కలిపి 413. జీఎస్టీ మనది కాదు కాబట్టి 120 ఇళ్లకి 42 వేలు వస్తాయి. భారత్‌నెట్ ఉద్యమి పద్ధతిలో (స్థానిక ఆపరేటర్ లైను నడిపి ఆదాయం పంచుకునే పద్ధతి) ఆపరేటర్‌కి సగం వాటా, అంటే 21 వేలు. అందులో లైన్ మ్యాన్‌కి 12 వేలు, కరెంటు, స్తంభాల అద్దె, తెగిన కేబుళ్లు, పిడుగుకి పోయిన మోడెంలకి అయిదు వేలు. మిగిలింది నాలుగు వేలు. ఆ నాలుగు వేలతో 5 లక్షల 74 వేలు తిరిగి రావాలంటే వడ్డీ లేకుండానే పన్నెండేళ్లు పడుతుంది. మెషీన్లు అన్నేళ్లు బతకవు. బ్యాంకు అప్పు తెచ్చి మీ ఊరి కుర్రాడొకడు దీన్ని మొదలుపెడితే మునిగిపోతాడు. వేసే ఖర్చు ప్రజల డబ్బుతో జరగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆ ఖర్చు నెత్తిన లేకపోతే నెలనెలా లైను తనని తాను పోషించుకోగలదు.

అదే లెక్కలో 149 పెట్టి చూడండి. 120 ఇళ్లకి 17,880, అందులో సగం 8,940. లైన్ మ్యాన్ జీతమే రాదు. ఇంకో రకంగా, ధర 350 ఉంచి 60 ఇళ్లే తీసుకున్నాయనుకోండి. ఆపరేటర్‌కి వచ్చేది 10,500, మళ్లీ జీతమే రాదు. లైను 60 ఇళ్లకైనా 120 ఇళ్లకైనా అంతే పొడవు, తెగితే అంతే పని. అందుకని ఒక్క ఊరికి విడిగా ఆలోచించకండి. చుట్టుపక్కల అయిదు ఊళ్లని కలపండి. ఊరికి 80 ఇళ్లు చేరినా 400 ఇళ్లు, నెలకి లక్షా 40 వేలు, ఆపరేటర్ వాటా 70 వేలు. ఇద్దరు లైన్ మ్యాన్లకి 30 వేలు, మిగతా ఖర్చులకి 25 వేలు పోయినా 15 వేలు మిగులుతుంది. ఒకరు సెలవు పెడితే ఇంకొకరుంటారు. మూడు నాలుగు మోడెంలు, కొంత కేబుల్ ఎప్పుడూ స్టాకులో పెట్టుకోవచ్చు. తెగిన ఫైబర్‌ని అతికించే స్ప్లైసింగ్ మెషీను ఒకటి అందరికీ సరిపోతుంది. నా అనుభవంలో పల్లెల్లో నిలబడిన చిన్న ఆపరేటర్లంతా ఇలా నాలుగైదు ఊళ్లు కలిపి చేసినవాళ్లే.

పైనుంచి వచ్చే వేగం కూడా లెక్కలోకి తీసుకోండి. రాత్రి ఎనిమిది, పది మధ్య రద్దీలో ఇంటికి సగటున రెండున్నర ఎంబీపీఎస్ వాడకం పెట్టుకుంటాను. 120 ఇళ్లకి 300 ఎంబీపీఎస్ కావాలి. పంచాయతీకి ఇచ్చే 100 ఎంబీపీఎస్ నలభై ఇళ్లకే సరి. ప్లాన్ మీద 30 ఎంబీపీఎస్ అని రాసి పైనుంచి 100 మాత్రమే తెస్తే మొదటి నెలలోనే జనం తిట్టుకుని మానేస్తారు. ఫైబర్‌లో ఆ సత్తా ఉంది, ఓఎల్‌టీలోని ఒక్క పోర్టే (జీపాన్ పోర్టు) 2.5 గిగాబిట్లు మోస్తుంది. అడ్డు పడేది మండలం దగ్గర ఎంత వేగం తెరిచారన్నదే. మాట్లాడేటప్పుడు ఈ సంఖ్య రాతపూర్వకంగా తీసుకోండి.

ఎవరితో చేయించాలి? నా సలహా, మీ మండలంలో ఇప్పటికే పేరున్న కేబుల్ ఆపరేటర్‌తో. ఏ స్తంభం మీద ఏ కేబుల్ ఉందో అతనికి తెలుసు, రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఎత్తుతాడు. ఊరి యువకులు ముందుకొస్తే ఇంకా మంచిది, కానీ స్ప్లైసింగ్ చేతిపని, రెండు నెలలు ఎవరి దగ్గరైనా నేర్చుకున్నాకే దిగాలి. ఒప్పందంలో తెగిన లైను ఎన్ని గంటల్లో బాగుచేయాలి, చేయకపోతే బిల్లులో ఎంత తగ్గించాలి అన్నది తప్పకుండా రాయించండి. వేగం కంటే ఇదే ముఖ్యం. రెండు రోజులకి మించి లైను పోతే మనుషులు మళ్లీ రీఛార్జి వేసుకుంటారు, ఆ నెల నుంచి మీకు కట్టడం మానేస్తారు.

స్తంభాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి, అద్దె కాగితం లేకుండా ఒక్క కేబుల్ కూడా ఎక్కించొద్దు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శోభాయాత్రలో కరెంటు తగిలి ప్రాణాలు పోయాక నగరంలో స్తంభాల మీద కేబుళ్లని పెద్దఎత్తున కత్తిరించారు. ఎన్నో ఇళ్లకి, ఆఫీసులకి నెట్ ఆగిపోయింది. లోహం లేని ఏడీఎస్ఎస్ కేబులే వాడించండి, కరెంటు తీగలకి దూరం పాటించమనండి, లైన్ మ్యాన్‌కి బీమా చేయించండి. ఇక్కడ పొదుపు చేయకూడదు.

నెలకి 413 కూడా కట్టలేని ఇళ్లు ఉంటాయి. ఎస్సీ కాలనీలో, ఎరుకల, యానాది కుటుంబాల్లో ఇల్లిల్లూ తిరిగితే మీకే తెలుస్తుంది. వాళ్ల కోసం పీఎం-వాణి పద్ధతి చూడండి. 2020 డిసెంబర్‌లో ఆమోదించారు. కిరాణా కొట్టువాడో టీ కొట్టువాడో తన బ్రాడ్‌బ్యాండ్ మీద పబ్లిక్ వైఫై పెట్టి అయిదూ పది రూపాయల కూపన్లు అమ్ముకోవచ్చు, లైసెన్సు అక్కర్లేదు, ఫీజు లేదు. ఇన్నాళ్లూ కంపెనీలు ఇలాంటి కొట్లకి ఖరీదైన లీజు లైనే తీసుకోమనేవి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి అడ్డుకట్ట వేసింది, మామూలు ఇంటి కనెక్షన్ ధరకి రెండింతలు మించి వసూలు చేయకూడదంది. కాలనీలో ఒకటి, బస్టాపు దగ్గర ఒకటి, స్కూలు గోడ పక్కన ఒకటి, ఇలా మూడు వైఫైలు పెడితే చాలు, రోజుకి గంట వాడుకునేవాళ్లకి నెల రీఛార్జి భారం తప్పుతుంది.

గ్రంథాలయం గురించి కూడా ఒక మాట. మనం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఎప్పటి నుంచో కడుతూనే ఉన్నాం. పంచాయతీకి దగ్గర్లో శాఖ ఉంటే అక్కడికే మొదటి కనెక్షన్ అడగండి. నాలుగు కంప్యూటర్లు, మంచి కుర్చీలు, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే గది. 2017-18 జాతీయ నమూనా సర్వేలో దేశంలోని పల్లె ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతమే అని తేలింది. ఫోను తెరమీద మాక్ టెస్టు రాసి, అసలు పరీక్ష కంప్యూటర్ ముందు రాయాల్సి వచ్చే పిల్లలు మన దగ్గర వేలమంది. వారంలో కొన్ని సాయంత్రాలు ఆడపిల్లలకే కేటాయిస్తే తల్లిదండ్రులు పంపిస్తారు, ఒంగోలు దగ్గర ఒక ఊళ్లో చేసి చూశాం. మొదటి వారం ఇద్దరే వచ్చారు, నెల తిరిగేసరికి కుర్చీలు చాలలేదు.

పాడేరు, చింతూరు లాంటి ఏజెన్సీ ప్రాంతాల నుంచి ఎవరైనా ఇది చదువుతుంటే, మీ లెక్క వేరు. ఇళ్లు చెదురుగా ఉంటాయి, స్తంభాలే ఉండవు. మీకు ముందు టవర్ కావాలి. 2022లో కేంద్రం అనుమతించిన 4జీ సాచురేషన్ పథకం అసలు సిగ్నలే లేని ఊళ్ల కోసమే, మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో ఐటీడీఏలో అడగండి. ఉపాధి హామీ హాజరు 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకి రెండు ఫోటోలతో వేయాలన్నారు, సిగ్నల్ లేని చోట కూలి డబ్బు దానికే ఆగిపోతుంది. కాబట్టి ఇది సౌకర్యం కోసం అడుగుతున్నది కాదు, కూలి కోసం అడుగుతున్నది. అర్జీలో అలాగే రాయండి. శాటిలైట్ నెట్ బడికో ఆరోగ్య కేంద్రానికో ప్రభుత్వ ఖర్చుతో పెడితే మంచిదే, విడి ఇళ్లకి మాత్రం ఆ పరికరాల ఖర్చు భారమే.

మళ్లీ మీ ఊరికి వస్తే, గ్రామసభలో పెట్టాల్సిన తీర్మానం ఇలా ఉండాలి. భారత్‌నెట్ పెట్టె ఫలానా తేదీ నుంచి పనిచేయడం లేదు, పవర్ మీటర్ రీడింగ్ ఇంత. సవరించిన పథకంలో మా పంచాయతీని రింగ్‌లో ఎప్పుడు కలుపుతారో చెప్పాలి, మా శివారు పల్లెలకి కూడా కనెక్షన్ కావాలి. ఓఎల్‌టీ పెట్టడానికి పంచాయతీ ఆఫీసులో 24 గంటలూ తాళం తీయగలిగేలా విడి గది, మీటరు ఇస్తాం. స్కూలు, ఆరోగ్య ఉపకేంద్రం, అంగన్‌వాడీ, రైతు సేవా కేంద్రం, గ్రంథాలయం, ఈ అయిదింటికి కనెక్షన్ల బిల్లు సంబంధిత శాఖలు కట్టాలి. ఈ చివరి మాట చాలామంది వదిలేస్తారు. ప్రభుత్వ ఆఫీసులు నెలనెలా ఖాయంగా డబ్బు కట్టే కస్టమర్లయితే మొదటి ఏడాది ఆపరేటర్‌కి ఊపిరి ఆడుతుంది. తీర్మానం కాపీ బీఎస్ఎన్ఎల్ జిల్లా ఆఫీసుకి, కలెక్టర్‌కి, మీ ఎంపీకి పంపించి రసీదులు దాచుకోండి.

దాంతోపాటు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకోండి. 'నెట్ వస్తే తీసుకుంటారా' అని అడిగితే అందరూ ఊ అంటారు. 'నెలకి 413 అవుతుంది, ముందుగా 500 డిపాజిట్ కట్టాలి, లైను రాకపోతే వెనక్కిస్తాం' అని చెప్పి అడగండి. అప్పుడు వచ్చే సంఖ్యే నిజమైన సంఖ్య. డిపాజిట్ డబ్బు పంచాయతీ పేరు మీదో డ్వాక్రా గ్రామ సంఘం ఖాతాలోనో ఉంచండి, ఆపరేటర్ చేతికి ముందే ఇవ్వొద్దు. ఇంటి పేరు రాసేటప్పుడు ఇల్లాలితో కూడా మాట్లాడండి, కనెక్షన్ ఆవిడ పేరు మీద తీసుకుంటామంటే అలాగే రాయండి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో కూడా ఇదే లెక్క తెచ్చి, అయిదు ఊళ్లూ కలిపి 300 ఇళ్లు దాటితే నాకు రాయండి. ఏ స్తంభం దగ్గర స్ప్లిటర్ పెట్టాలో, ఎన్ని కోర్ల (పోగుల) కేబుల్ కావాలో మ్యాప్ మీద గీసి ఇస్తాను, దానికి డబ్బేమీ అక్కర్లేదు.